బాపు చెప్పిన ఐదేండ్లు

ముందు పోయినవన్నీ చెబుతాను.

కరీంనగర్‌లో మా ఆయన గుండెకు స్టెంటు వేసినందుకు దవాఖాన బిల్లు రెండు లక్షల ముప్పై ఎనిమిది వేలు. బయట కొన్న మందులు, పరీక్షలు, కారు కిరాయిలు కలిపి ఇరవై ఒక్క వేల ఐదు వందలు. ఆయన రెండు నెలలు స్టీరింగు పట్టలేదు కాబట్టి లారీ ఇంటి ముందు నిలబడి పోగొట్టింది యాభై ఆరు వేలు. రెండేళ్లుగా ఆయన పేరు మీద కట్టిన ఆరోగ్య బీమా ప్రీమియం, పాలసీ రద్దయి తిరిగి రానిది, ఇరవై ఏడు వేల ఐదు వందలు. మొత్తం మూడు లక్షల నలభై మూడు వేలు.

ఇందులో మందులు, లారీ నష్టం ఎట్లాగూ మా మీద పడేవే. ప్రీమియం సంగతి కూడా అంతే. రెండేళ్లు దాని ధైర్యంతో నిద్రపోయాం, ఆ నిద్ర ఖరీదు అనుకున్నాను. ఇక బిల్లు. చేతి తొడుగులకు, ఫైలుకు, అటెండరు మంచానికి వేసిన పదకొండు వేలు ఏ బీమావాళ్లూ ఇవ్వరు. అవి తీసేస్తే రెండు లక్షల ఇరవై ఏడు వేలు. అది మాకు రావలసిన డబ్బు. రాలేదు. మా బాపు ఒక కుర్ర డాక్టరుతో చెప్పిన ఒక్క మాట వల్ల రాలేదు.

నేను లెక్కలు బడిలో నేర్చుకున్నది తక్కువ. పదో తరగతిలో ఇంగ్లీషు తప్పాను, మళ్లీ కట్టలేదు. పెళ్లయ్యాక మా ఆయన పాత లారీ కొన్నాడు, పది టైర్లది, రామగుండం నుంచి బూడిద, బసంత్‌నగర్ నుంచి సిమెంటు తోలేవాడు. ఫైనాన్సువాడు మిత్తి ఎట్ల వేస్తున్నాడో అర్థం కాక, ఒక పాత క్యాలెండరు వెనక గీతలు గీసుకుంటూ నాకు నేనే నేర్చుకున్నాను. కిస్తీ కడుతున్నా అసలు మీద మిత్తి తగ్గించడం లేదని కనిపెట్టి వాడి ఆఫీసుకే వెళ్లి చూపించాను. వాడు తగ్గించాడు. ఆ తరువాత మా వాడకట్టులో లారీలున్న వాళ్లందరూ డీజిలు, టైర్లు, టోలు లెక్కలు నా దగ్గరికే తెచ్చారు. ఇప్పటికీ తెస్తారు. లారీకి నెలకు ఎనిమిది వందలు తీసుకుంటాను.

ఆరోగ్య బీమా గురించి మా దిక్కు ఎవరూ పెద్దగా ఆలోచించరు. గనిని మేం బాయి అంటాం. బాయి పనివాళ్లకు కంపెనీ దవాఖాన ఉంది. కంపెనీ అంటే బొగ్గు కంపెనీ, ఇక్కడ ఇంకో అర్థం లేదు. నేను కూడా బాపు కార్డు మీదే పెరిగాను. జ్వరమొస్తే, పన్ను నొస్తే, చెవిలో చీమ దూరితే కార్డు పట్టుకొని పోవడమే. జేబులో చెయ్యి పెట్టే పని లేదు. పెళ్లయిన రోజుతో ఆ కార్డు మీద నా పేరు పోయింది. బాపు తరువాత నౌకరి తమ్మునికి వచ్చింది, కార్డు కూడా వాడికే వచ్చింది. బాపు, అవ్వ ఇప్పుడు వాడి కార్డు మీద ఉన్నారు. మా ఆయనకు కంపెనీతో సంబంధం లేదు. లారీ సొంతమని తెల్లకార్డు రాలేదు, దానితో వచ్చే ప్రభుత్వ వైద్యమూ రాలేదు. అంటే మా ముగ్గురికీ, నాకూ ఆయనకూ ఇంటర్ చదివే బిడ్డకూ, ఏ కార్డూ లేదు.

నలభై దాటాక ఒకరోజు కూర్చొని ఈ సంగతి లెక్క వేశాను. మా ఇంటికి వచ్చే ప్రతి రూపాయి ఒక మనిషి రెండు చేతుల మీద నడుస్తోంది. ఆ మనిషికి బీమా లేదు. ఆయన తోలే బండికి ఉంది. చౌరస్తాలో జిరాక్స్ దుకాణం మీది గదిలో ఒక ఏజెంటు ఉండేవాడు, నాకంటే చిన్నవాడు. ఐదు లక్షలకు, ఆయన ఒక్కడికే, మొదటి ఏడు పదమూడు వేల రెండు వందలు. బీపీ లేదు, షుగరు లేదు, ఉన్నది ఉన్నట్టు రాశాం.

బాపుకు చెబితే నవ్వాడు.

"జరం రాకముందే దవాఖానకు పైసలు కడ్తరా బిడ్డా?"

"లారీకి కడ్తలేమా బాపు? లారీ కంటే నీ అల్లుడు తక్కువనా?"

"లారీకైతే రోడ్డు మీద పోలీసోడు కాయితం అడుగుతడు. అల్లున్ని ఎవడు అడుగుతడు?"

అవ్వ లోపలి నుంచి అంది: "నేను అడుగుత. నలభై ఏండ్ల సంది నిన్ను అడుగుతలేనా, ఏం పట్టించుకున్నవ్?"

రెండో ఏడు ప్రీమియం పద్నాలుగు వేల మూడు వందలకు పెరిగింది. గొణుక్కుంటూ కట్టాను. ఆ ఏడే, ఎండాకాలం పోతూ ఉండగా, బసంత్‌నగర్‌లో లోడు కోసం వరుసలో ఉన్నప్పుడు ఆయనకు ఛాతీలో పట్టేసింది. వెనక లారీ డ్రైవరు ఆయన్ని ఆటోలో గోదావరిఖనికి తెచ్చాడు. ఇక్కడి డాక్టరు కాగితం చూసి కరీంనగర్ తీసుకుపొమ్మన్నాడు. కారు మాట్లాడాను. కారెక్కుతుంటే బాపు వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

"నువ్వెందుకు బాపు, మోకాలు నొస్తది."

"దవాఖానల మాట్లాడుడు నీకు రాదు బిడ్డా. నీకు లెక్కలొస్తయ్, నాకు డాక్టర్లొస్తరు."

ఇందులో అబద్ధం లేదు. దవాఖానలో మాట్లాడటంలో బాపును మించినవాడు మా కాలనీలో లేడు. అదెట్లంటే, బాయిలో పనిచేసే మనిషి ఇక పని చేయలేడని మెడికల్ బోర్డు తేలిస్తే అన్‌ఫిట్ చేస్తారు, అతని నౌకరి కొడుక్కి వస్తుంది. బోర్డు ముందు ఎవరు ఎట్ల మాట్లాడతారన్నదాని మీద ఒక ఇంటి బతుకు ఉంటుంది. బాపు తన వంతు దాటాక, మిగతావాళ్లకు చెప్పి పంపేవాడు. మా గడపలో కూర్చొని ఎంతమంది పాఠం విన్నారో. ఆ పాఠంలో మొదటి మాట నాకు ఇప్పటికీ నోటికొచ్చు: "ఎప్పటి సంది నొప్పి అని అడుగుతడు. నెలలల్ల చెప్పకు. ఏండ్లల్ల చెప్పు. నెలల నొప్పికి గోలీ ఇస్తడు, ఏండ్ల నొప్పికి కాయితం రాస్తడు."

కరీంనగర్‌లో దించగానే నేను డబ్బు కట్టే కిటికీ దగ్గరికి ఉరికాను. బీమా కార్డు చూపించాను. వాళ్లు నంబరు కొట్టి, పాలసీ నడుస్తోందనీ, నగదు లేకుండానే చేయవచ్చనీ, పై నుంచి అనుమతి రావాలనీ చెప్పారు. రెండేళ్ల ప్రీమియం నాకు ఆ కిటికీ దగ్గర వసూలైందనుకున్నాను. ఆ పూటే స్టెంటు వేశారు. ఆయన కళ్లు తెరిచి, నన్ను చూసి, లారీ ఎక్కడ పెట్టారని అడిగాడు. అప్పుడు నాకు ప్రాణం కుదుటపడింది.

తెల్లవారి బాపూ నేనూ కింద క్యాంటీనుకు వెళ్లాం. బాపు ఇడ్లీ తుంచి సాంబారులో ముంచుతూ, ముఖమంతా వెలుగుతుండగా, అన్నాడు:

"నిన్న నేను లేకపోతే ఏమయ్యేదో తెల్సా? ఆ పోరడు డాక్టరు ఎప్పటి సంది నొప్పని అడిగిండు. అల్లుడేమో పొద్దుగాల సంది అన్నడు. పొద్దుగాల సంది అంటే పక్కకు కూసోబెడ్తరు. నేను అందుకున్న. అతను గట్లనే అంటడు సార్, ఐదేండ్ల సంది ఉన్నది, ఓర్సుకుంటడు, ఎవ్వలకు చెప్పడు అన్న. రాసుకున్నడు. జల్ది మీదికి తీస్కపోయిన్రు."

నేను చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

"ఐదేండ్లని ఎందుకు చెప్పినవ్ బాపు?"

"మరి ఎన్నేండ్లు చెప్పాలె? పదా?"

బాపుకు అర్థమయ్యేట్టు చెప్పడం నాకు అప్పుడు చేతకాలేదు. పాలసీకి రెండేళ్లు. ఐదేళ్ల నొప్పి అంటే పాలసీకి మూడేళ్ల ముందు నుంచి ఉన్న నొప్పి. అంటే రోగం దాచిపెట్టి బీమా కొన్నట్టు. కంపెనీ దవాఖానలో రోగం ఎంత పాతదైతే అంత బలం. బీమాలో పాత రోగమే మొదటి అనుమానం. ఒకే మాట ఒక కిటికీ దగ్గర చెల్లుతుంది, ఇంకో కిటికీ దగ్గర కొంప ముంచుతుంది. ముప్పై ఏళ్లు మొదటి కిటికీ తప్ప ఎరగని మనిషికి ఇది ఎవరు చెప్పారు? నేనూ చెప్పలేదు. నాకూ తట్టలేదు.

మీదికి వెళ్లి ఆ డాక్టరును పట్టుకున్నాను. మంచివాడు, విన్నాడు.

"రాసింది కొట్టేయలేనమ్మా. కొట్టేస్తే ఇంకా అనుమానపడతారు. కింద ఇంకో లైను రాస్తాను, ఇంతకు ముందు నొప్పి లేదని రోగి చెబుతున్నాడని."

రాశాడు. సాయంత్రానికి అనుమతి లేదని బీమావాళ్ల జవాబు వచ్చింది. డిశ్చార్జి నాటికి లారీ మీద మళ్లీ ఫైనాన్సు తెచ్చి బిల్లు కట్టాం. నెల తిరక్కుండా, రోగం దాచినందుకు పాలసీయే రద్దు చేశామని ఇంకో ఉత్తరం వచ్చింది.

ఏజెంటు గదికి వెళ్లాను. అతను ఉత్తరం రెండుసార్లు చదివి తల గోక్కున్నాడు.

"దీనికి ఒకటే దారి అక్కా. ముందుగాల నొప్పి ఉన్నట్టు డాక్టరు చీటీ లేదు, మందు లేదు, ఏం లేదు. ఉన్నదల్లా మీ బాపు మాట. ఆయనతోనే కాయితం రాయించు. నేను చెప్పింది తప్పు, అల్లునికి ఇంతకు ముందు నొప్పి లేదు అని. నోటరీ చేపిద్దాం. పై అధికారికి పెడ్దాం."

"అంతేనా?"

"అంతే. కానీ ఊకె తప్పు చెప్పిన అంటే నమ్మరు. ఎందుకు తప్పు చెప్పిండో రాయాలె. దాంట్లనే ఉన్నది బలం."

బలం అందులోనే ఉంది నిజమే. నేను ఆ రోజే బాపు దగ్గరికి వెళ్లాను. తమ్మునికి కంపెనీ ఇచ్చిన క్వార్టరులో, ముందు రేకుల కింద, బాపు మోకాళ్లకు నూనె పూసుకుంటున్నాడు. అవ్వ చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. నేను విషయం చెప్పాను. బాపు మొదట తలూపాడు.

"రాస్త. దానికేముంది. తప్పు చెప్పిన అని రాస్త."

"ఎందుకు చెప్పినవో కూడా రాయాలె బాపు."

నూనె పూసే చెయ్యి ఆగింది.

"ఎందుకు చెప్పిన అని రాస్తవ్?"

"ఉన్నదే రాద్దాం. మా దిక్కు బాయి పనోళ్లకు దవాఖానల ఏండ్లు ఎక్కువ చేసి చెప్పుడు అలవాటు. ఆ అలవాటు కొద్ది నోటికొచ్చింది అని."

బాపు నూనె సీసాకు మూత పెట్టాడు. అవ్వ చిక్కుడుకాయల గిన్నె పక్కకు పెట్టింది.

"మా దిక్కు అంటే ఎవలు బిడ్డా? నేను. నేను అన్‌ఫిట్ అయిన. ఏండ్లు ఎక్కువ చేసి చెప్తమని నా చేతితోని నేనే రాసిస్తే, రేపు ఎవడో ఒకడు అడుగడా? మరి నీ మోకాలు ఎన్నేండ్లది అని?"

"ఎవలు అడుగుతరు బాపు. అది బీమావాళ్ల దగ్గర ఉండే కాయితం. కంపెనీకి దానికి సంబంధం లేదు."

"కాయితం ఎక్కడుంటదో నాకు చెప్పకు. ముప్పై ఏండ్లు చేసిన. కావాల్సిన కాయితం దొరుకది. పోయిందనుకున్న కాయితమే ముందుగాల బయటికొస్తది."

"మోకాలు నిజంగనే పోయింది కదనయ్యా," అంది అవ్వ. "రాత్రులు మూలిగేటోనివి, నేను కాపడం పెట్టలేదా? నొప్పి నిజమని రాయి."

"నొప్పి నిజమే," అన్నాడు బాపు. "ఏండ్లే నావి."

అప్పుడే తమ్ముడు మొదటి షిఫ్టు దిగి వచ్చాడు. టిఫిను డబ్బా అరుగు మీద పెట్టాడు. మా ముఖాలు చూసి నిలబడిపోయాడు. బాపే చెప్పాడు, ఒక్క ముక్క దాచకుండా. తమ్ముడు కాళ్లు కడుక్కొని వచ్చి, తువ్వాలతో ముఖం తుడుచుకుంటూ అన్నాడు:

"రాయి బాపు. అక్క పైసలు పోవద్దు."

"నువ్వు ఊకో. నీకు తెల్వది."

వాడు నౌకరిలో చేరి అప్పటికి నాలుగేళ్లు. ఇద్దరు పిల్లలు. నేను ఎవరూ అడగకుండానే అక్కడే కూర్చొని మనసులో లెక్క వేశాను, నాకు వేరే విధంగా ఆలోచించడం రాదు. తమ్మునికి ఇంకా పాతికేళ్ల సర్వీసు ఉంది. నెలకు యాభై వేలే అనుకున్నా కోటిన్నర. ఆ కాగితం వల్ల ఆ నౌకరికి ప్రమాదం నూటికి ఒక వంతు అనుకుంటే, ఆ ఒక వంతు ఖరీదు లక్షన్నర. నా రెండు లక్షల ఇరవై ఏడు వేలకంటే తక్కువ. అంటే రాయించవచ్చు. నూటికి రెండు వంతులయితే మూడు లక్షలు. నా డబ్బు కంటే ఎక్కువ. అంటే రాయించకూడదు. ఒక వంతా, రెండు వంతులా? దాన్ని చెప్పే లెక్క నాకు రాదు. ఎవరికీ రాదనుకుంటాను. నా లెక్క ఒకటికీ రెండుకూ మధ్య ఆగిపోయింది.

నేను తెచ్చిన తెల్లకాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాను. బాపు అది చూశాడు.

"ఎంత పోయింది బిడ్డా, నా మాటకు?"

"ఊకో బాపు."

"ఊకోను. నీకు లెక్క తెల్సు. చెప్పు."

"రెండు లక్షల ఇరవై ఏడు వేలు."

"నేను కడ్త."

అవ్వ అందుకుంది: "ఏం పెట్టి కడ్తవ్? నీకొచ్చే పింఛను కారానికి ఉప్పుకు సరిపోతలేదు."

"నా నోరు చేసిన అప్పు. నేనే కడ్త. రాసుడు ఒక్కటి నాతోని కాదు."

వద్దన్నాను. మూడు రోజుల తరువాత బ్యాంకులో వేసుకున్న డబ్బులో నుంచి అరవై వేలు తీసి, పేపరులో చుట్టి, మా ఇంటికి తెచ్చాడు. మళ్లీ వద్దన్నాను. అప్పుడు ఆయన ముఖం చూశాను, చాయ్ కూడా ముట్టకుండా గుమ్మం దగ్గరే నిలబడి ఉన్నాడు. తీసుకోకపోతే ఇక మా ఇంటి మెట్టు ఎక్కడని అర్థమైంది. తీసుకున్నాను. లెక్కపెట్టమన్నాడు. ఆయన ముందే లెక్కపెట్టాను.

బాపు కాగితం లేకుండానే పై అధికారికి అర్జీ పెట్టాను. డాక్టరు రెండోసారి రాసిన లైను చూపించాను. చీటీ ఒక్కటి కూడా లేదని రాశాను. కొట్టేశారు. అక్కడితో ఆ అధ్యాయం మూసేసి, అసలు పనిలో దిగాను. స్టెంటు పడ్డ మనిషికి ఏ బీమా లేకుండా లారీ తోలనివ్వడం నాకు ఇష్టం లేదు.

ఏజెంటు అన్నాడు: "ఒక మాట చెప్త ఏమనుకోకు అక్కా. వేరే బీమాల కడ్దాం. స్టెంటు సంగతి రాయకు. కొన్నేండ్లు గడిచినంక ఎవలు అడుగరు."

"ఒక్క అబద్ధానికి ఎంతైందో నీకు నేను చూపించిన గదా తమ్మీ."

"అది మీ బాపు చెప్పింది. నువ్వైతే మంచిగ చెప్తవ్."

నాకు నవ్వొచ్చింది. అయినా వద్దన్నాను. ఉన్నది మొత్తం చెప్పి, ఉన్నది మొత్తం తెలిసిన తరువాత కూడా ఎవరైతే రేటు చెబుతారో వాళ్ల దగ్గరే కొంటానన్నాను.

మొదట ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే పాలసీ అడిగాను. స్టెంటు ఉందనగానే ఇద్దరు మాట్లాడటమే మానేశారు. ఒకరు మాత్రం ఏడాదికి అరవై రెండు వేలు అన్నారు. ఆ రాత్రి అన్నం తింటూ ఆ అంకెను నములుతూనే ఉన్నాను. మా ఆయన మందుబిళ్ల మింగి, "పాత టైరు ఒక్కటి ఉన్నదని పది టైర్లకూ కొత్త రేటు కడ్తవా?" అన్నాడు. ఆయన ఊరికే అన్నాడు, తన మీద తానే వేసుకున్న జోకు. కానీ దారి అదే. పది టైర్ల బండిలో ఒకటి అరిగితే పదీ మార్చం. అరిగినదాన్ని విడిగా చూసుకుంటాం, తొమ్మిదింటిని తొమ్మిదింటి రేటులో నడుపుతాం. కలిపి కొంటే ఆయన గుండె బరువు నా ప్రీమియం మీద, బిడ్డ ప్రీమియం మీద కూడా పడుతోంది. విడగొట్టాలి. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి.

నాకు ఐదు లక్షలకు విడిగా తొమ్మిది వేల ఎనిమిది వందలు. బిడ్డకు ఐదు వేల ఆరు వందలు. అవి వెంటనే కట్టేశాను. నాకున్న థైరాయిడ్, చిన్నప్పుడు నాకు ఫిట్స్ వచ్చిన సంగతి కూడా రాశాను. ఏజెంటు నెత్తి పట్టుకున్నాడు. వాళ్లు అదనంగా ఏమీ వేయలేదు. నిజం ఖరీదు మనం భయపడినంత ఉండదని అప్పుడు తెలిసింది, అడిగితేనే తెలుస్తుంది.

ఆయనకు ఏడాది ఆగాల్సి వచ్చింది. ఆపరేషనై కొంతకాలం గడవనిదే ఎవరూ ఆయన దరఖాస్తు తీసుకోలేదు. ఆ ఏడాది ఆయన దూరం కిరాయిలు మానేశాడు, పెద్దపల్లి దాటి పోనివ్వలేదు నేను. తరువాత, గుండె జబ్బు ఉన్నవాళ్ల కోసమే అమ్మే పాలసీ ఒకటి దొరికింది. మూడు లక్షలకు ఇరవై నాలుగు వేల ఏడు వందలు. బిల్లులో నూటికి పది మనమే పెట్టుకోవాలి. మూడూ కలిపితే నలభై వేల నూరు. అరవై రెండు వేల మీద ఇరవై ఒక్క వేల తొమ్మిది వందలు మిగులు, పైగా ముగ్గురిలో ఒకరి జబ్బు ఇంకొకరి డబ్బును తినదు. తరువాత ప్రీమియం మీద పన్ను ఎత్తేశాక ఇంకొంచెం తగ్గింది. తక్కువ అని నేననను. కానీ నెలకు చూస్తే మా లారీ ఒక్క ట్రిప్పు మిగులు కంటే తక్కువ. మా వాడకట్టులో ఇప్పటికి పదకొండు ఇండ్లు నా లెక్క ప్రకారమే విడివిడిగా కొన్నాయి. వాళ్లందరికీ చెప్పే మొదటి మాట, బాపు గడపలో చెప్పిన పాఠానికి ఎదురుది: నెలలైతే నెలలే చెప్పండి, పొద్దుగాల సంది అయితే పొద్దుగాల సంది అనే చెప్పండి, పక్కన ఉన్నవాళ్లను నోరు తెరవనివ్వకండి.

ఆ పాలసీ ఇచ్చే ముందు ఆయనకు పరీక్షలు చేయాలన్నారు, కరీంనగర్‌లోనే. బాపు మళ్లీ కారు ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక ఎక్కి తలుపు వేసుకున్నాను. పరీక్ష గదిలో ఒక అమ్మాయి ప్రశ్నలు చదువుతూ, మా ఆయన చెప్పేవి రాసుకుంటూ, మధ్యలో తలెత్తి బాపును చూసింది.

"పెద్దాయనా, ఈయనకు నొప్పి మొదటిసారి ఎప్పుడొచ్చిందో మీకు గుర్తుందా?"

బాపు తువ్వాల నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"నన్ను అడుగకు బిడ్డా. నా లెక్క మస్తు పిరం పడ్తది. మా బిడ్డను అడుగు."

ఆ అమ్మాయికి ఏమీ అర్థం కాలేదు. మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఆ దగ్గు ఎప్పటి నుంచి అని ఆమె అడిగింది. ఇప్పుడే అని ముగ్గురం ఒకేసారి చెప్పాం.

బాపు ఇప్పటికీ కడుతున్నాడు. పింఛను పడిన మరునాడు ఐదు వందల నోట్లు రెండు తెస్తాడు. చాయ్ తాగుతాడు, ఇంకెంత అని అడుగుతాడు, నేను చెబుతాను. మిత్తి వేయలేదు, అది ఒక్కటే నేను ఆయన్ని గెలిచిన మాట. ఆ నెల నెలా వెయ్యి తీసుకెళ్లి ఆయన అల్లుడి గుండె పాలసీలో వేస్తాను, ఏడాదికి దాదాపు సగం దానితోనే తీరుతుంది. ఈ సంగతి ఆయనకు తెలుసు. మొన్న తమ్ముడు మిగిలింది ఒకేసారి ఇచ్చేస్తానని వచ్చాడు. తీసుకోలేదు. పోయిన నెల బాపు తనే రెండు వేలు తెచ్చాడు, జల్ది తీరిపోతదని. వెయ్యి వాపసు ఇచ్చాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. ఆయనకు కంపెనీ లెక్కలో అరవై నాలుగు, అవ్వ లెక్కలో అరవై ఏడు. అవ్వ లెక్కే సరైందని నా నమ్మకం. నెలకు వెయ్యి చొప్పున ఈ బాకీ తీరాలంటే ఇంకా పది సంవత్సరాల తొమ్మిది నెలలు పడుతుంది, అప్పటికి బాపుకు డెబ్బై ఎనిమిది నడుస్తుంటుంది. ఆయన ఆ చివరి వెయ్యి కూడా తన చేతితోనే తేవాలి.

అరవై వేలు ముందు ఇచ్చాడు. నెలవారీగా ముప్పై ఎనిమిది వేలు ముట్టాయి. ఈ రోజుకు మా బాపు నాకు ఇంకా ఇవ్వాల్సింది ఒక లక్షా ఇరవై తొమ్మిది వేల రూపాయలు.